చుక్క చమురు వెల

పోచంపల్లిలో అద్దకం పని తెల్లవారకముందే మొదలవుతుంది. ఇంటి వెనుక రేకుల పందిరి కింద రంగు పొయ్యి రాజుకుంటుంది. పెద్ద గిన్నెలో నీళ్లు కాగుతుంటాయి. రాత్రి పొద్దుపోయేదాకా ఇంటిల్లిపాదీ కూర్చొని ముడులు వేసిన నూలు ఆ పక్కనే రంగు కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. రంగు ఎక్కవలసిన చోట దారం విడిగా ఉంటుంది. ఎక్కకూడని చోట సైకిల్ ట్యూబును సన్నగా కోసిన రబ్బరు పీలికలు బిగించి ఉంటాయి. ఆ ముడుల లెక్క తప్పితే చీర మీద పువ్వు పువ్వుగా రాదు.

అటువంటి ఒక ఇంటిలో, ఒక ఉదయం, వృద్ధుడైన నేతకారుడు రంగు పొట్లం విప్పబోయి దానిని చేతిలోనే తూచి చూసుకుంటూ కొంతసేపు ఊరకున్నాడు. ఇంటర్మీడియట్ చదువుతున్న మనుమడు కారణమడిగాడు.

“రంగు మళ్లీ పిరమైంది బిడ్డా. దుకాణంల అడిగితే నూనె పిరమైందంటడు. భూమిల నుంచి తీసే నూనెకు, మన రంగుకు ఏం సంబంధమో నాకు తెల్వది. నువ్వు చదువుకుంటున్నవ్ కద, చెప్పు.”

మనుమడు వెంటనే చెప్పలేకపోయాడు. చమురు ధర పెరిగిందని పత్రికలలో తరచుగా కనిపిస్తుంది. ఎందుకు పెరిగిందంటే యుద్ధమనో, అరబ్బు దేశాల నిర్ణయమనో, డాలరు బలపడిందనో సమాధానాలు వినిపిస్తాయి. అవన్నీ కొంతవరకు నిజమే. కాని వాటన్నిటికీ అడుగున మరొక కారణమున్నది. అది వార్తలకు ఎక్కేటంత వేగంగా కదలదు.

మొదట తాత అడిగిన సంబంధం సంగతి. దానికి సమాధానం ఆ పందిరి కిందనే ఉన్నది. నేడు అద్దకానికి వాడే కృత్రిమ వర్ణాలకు ముడిసరుకులైన బెంజీన్, టోల్యూన్ వంటి పదార్థాలు ఒకప్పుడు బొగ్గు తారు నుంచి లభించేవి. ఇప్పుడు అవి అధికభాగం ముడిచమురు నుంచే వస్తున్నాయి. ముడులు బిగించే ట్యూబు పీలికలలో బ్యూటైల్ రబ్బరుతో చేసినవి ఉంటే, వాటి పుట్టుక కూడా పెట్రోలియమే. పట్టు కర్ణాటక నుంచి వచ్చినా, నూలు మరొక రాష్ట్రంలోని మిల్లు నుంచి వచ్చినా లారీ డీజిలు మీదనే నడవాలి. నేసిన చీర హైదరాబాదు చేరడమూ అంతే. చేనేత అనగానే యంత్రాలకు దూరంగా, తన చేతుల మీద తాను బ్రతికే వృత్తి అని చాలామంది ఊహించుకుంటారు. ఆ ఊహ అందమైనదే గాని పూర్తిగా నిజం కాదు. మగ్గం ఆడించేది మనిషి చెయ్యే. ఆ చేతికి అందవలసిన వస్తువులలో చాలావాటి వెనుక ఎక్కడో ఒక చమురు బావి ఉన్నది.

ఈ ప్రాంతపు వస్త్రానికి నూనెతో సంబంధం కొత్తదేమీ కాదు. పోచంపల్లికి దూరం కాని పుట్టపాకలో నేటికీ తేలియా రుమాళ్లు నేస్తారు. తేలియా అంటే నూనెతో చేసినది అని అర్థం. తీరాన చీరాలలో పేరుపొందిన ఈ విద్య నల్లగొండ నేతగాళ్ల చేతిలో నిలిచింది. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు లభించింది. రంగు వేయడానికి ముందు నూలును నూనెలోను, ఆముదపు కాయల పొట్టును కాల్చిన బూడిద నీటిలోను రోజుల తరబడి పిసికి, ఆరబెట్టి, మళ్లీ పిసుకుతారు. అప్పుడుగాని ఎరుపు రంగు దారాన్ని గట్టిగా పట్టుకోదు. ఆ గుడ్డ వేసవిలో తలకు చలువ చేస్తుందని ఎడారి దేశాలలో సైతం దానిని కోరుకునేవారు. ఎన్ని ఉతుకుల తరువాత కూడా నూనె వాసన దానిని విడిచిపోదు.

ఆ నూనె ఎక్కడిది? నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట చేలదే. ఈ రెండు జిల్లాల ఎర్రనేలలు, చెల్కలు చాలాకాలం ఆముదానికి పుట్టినిళ్లు. నీరు లేని చోట, మరే పంటా నిలవని చోట ఆముదం నిలిచేది. దాని గింజలలో దాదాపు సగం నూనె. అయితే ఆ సగం ఊరకే చేతికి రాలేదు. ఇంటి ఆముదం తీయాలంటే గింజలను వేయించి, దంచి, నీళ్లలో ఉడికించి, పైకి తేలిన తెట్టెను గరిటెతో మెల్లగా తీసి, తేమ పోయేదాకా మళ్లీ కాచాలి. ఒక పూట పని ఒక చిన్న సీసాలో ఒదిగిపోయేది. పంట కూడా నమ్మకమైనది కాదు. నామాల పురుగు ఆకు తినేది. గెల వేసిన వేళ ముసురు పట్టిందంటే బూజు తెగులు కాయలను కుళ్లబెట్టేది. పాలెంలోని వ్యవసాయ పరిశోధన స్థానం క్రాంతి, హరిత, కిరణ్ వంటి మంచి రకాలను అందించింది. అయినా నీటి వసతితో సంకర రకాలు పండించే గుజరాతు రైతు దిగుబడి ముందు వానను నమ్ముకున్న తెలంగాణ రైతు నిలవలేకపోయాడు. చేలు పత్తికి మళ్లాయి. నేడు దేశపు ఆముదంలో సింహభాగం గుజరాతుదే. తేలియా రుమాలు నేసేవానికి ఆముదం ఇప్పటికీ దొరుకుతుంది. కాని అది తన ఊరి చేను నుంచే రావాలన్న నియమం పోయింది.

ఇక నేల కింది నూనె సంగతి. దానిని అర్థం చేసుకోవడానికి కూడా ఈ మెట్ట ప్రాంతం దాటి పోనవసరం లేదు. ఇక్కడి బావుల చరిత్ర తెలిస్తే చాలు.

పూర్వం ఇక్కడి వ్యవసాయం మోటబావి మీద నడిచేది. రాతిలో తవ్విన పెద్ద బావి, రెండెడ్లు, తోలు బొక్కెన, ఒక మనిషి పాట. నీరు ముప్ఫై, నలభై అడుగులలో అందేది. తరువాత ఆయిల్ ఇంజన్లు, ఆ పైన కరెంటు మోటార్లు వచ్చాయి. తోడేవేగం పెరిగింది. ఊరేవేగం మాత్రం పూర్వమెంతో ఇప్పుడూ అంతే. బావులు ఎండిపోగా వాటి అడుగుననే బోర్లు వేశారు. తరువాత చేను నలుమూలలా వేశారు. రెండు వందల అడుగుల నీరు మూడు వందలకు, అక్కడి నుంచి ఇంకా కిందికి జారిపోయింది. బోరు వేయించిన రైతును అడిగితే ఒక సంగతి చెబుతాడు. బోరు బండివాడు అడుగుకింత అని లెక్క కడతాడు గాని ఆ లెక్క అన్ని అడుగులకూ ఒకటి కాదు. పైనున్న అడుగులకు ఒక రేటు. లోతుకు పోయేకొద్దీ ప్రతి నూరు అడుగులకూ పెరుగుతూ పోయే రేటు. రాయి గట్టిపడుతుంది, యంత్రం మీద భారం పెరుగుతుంది, డీజిలు ఎక్కువ కాలుతుంది. నీరు పడిన తరువాత కూడా అంత లోతు నుంచి ఎత్తడానికి ఎక్కువ శక్తి గల మోటారు కావాలి, పొడవైన పైపులు కావాలి. పడకపోతే ఖర్చంతా నష్టం. అప్పుడు మరొకచోట మరొక బోరు. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో ఎండిన బోర్ల కోసం చేసిన అప్పులు ఎన్ని కుటుంబాలను కుంగదీశాయో ఇక్కడివారికి వేరే చెప్పనవసరం లేదు.

కాలువలో పారే నీరు అదే నీరు. మడి తడపడానికి ఎన్ని చెంబులు కావాలో నేడూ అన్నే చెంబులు కావాలి. మారినది దాని వెనుకనున్న లోతు. చమురు విషయంలో జరుగుతున్నది కూడా సరిగా ఇదే. ఒక్క భేదం మాత్రం ఉన్నది, అది చిన్నది కాదు. ఒక మంచి వానాకాలం వస్తే, చెరువుల పూడిక తీసి నీరు నిలిపితే, ఎండిన బావి మళ్లీ ఊరుతుంది. చమురు అలా ఊరదు. కోట్ల సంవత్సరాల క్రిందట సముద్రాలలో బ్రతికిన సూక్ష్మజీవుల కళేబరాలు మట్టి పొరల కింద చిక్కుకొని, ఆ బరువుకూ వేడికీ మారి చమురైనాయి. ఒకసారి తోడిన చోట మరల నిండడానికి మనిషి ఆయుష్షు కాదు, మానవజాతి ఆయుష్షు కూడా సరిపోదు.

అమెరికాలోని పెన్సిల్వేనియాలో 1859లో డ్రేక్ అనే ఆయన తవ్వించిన బావి ఆధునిక చమురు పరిశ్రమకు మొదలని చెబుతారు. దాని లోతు సుమారు 70 అడుగులు. అంటే తెలంగాణలోని లోతైన పాత వ్యవసాయ బావికి అది పెద్ద దూరం కాదు. టెక్సాస్‌లోని స్పిండిల్‌టాప్‌లో 1901లో వేయి అడుగులకు కొద్దిగా పైబడిన లోతులోనే చమురు తగిలి, తనంత తానే ఆకాశానికి చిమ్మింది. రోజుకు దాదాపు లక్ష పీపాల వంతున పారిన ఆ ధారను అదుపు చేయడానికి తొమ్మిది రోజులు పట్టింది. మన దేశంలో అస్సాంలోని డిగ్బోయిలో 1889లో చమురు పడింది. 1901 నాటికి అక్కడ శుద్ధి కర్మాగారం కూడా వెలిసింది. ఆ కాలంలో చమురు తీయడమంటే చోటు కనిపెట్టడమే. కనిపెట్టిన తరువాత మిగిలిన పని చాలావరకు భూమే చేసి పెట్టేది. లోపలి ఒత్తిడి దానిని పైకి నెట్టేది.

మనిషి ఎక్కడైనా ముందుగా అందిన కొమ్మ పండ్లే కోస్తాడు. అది తప్పేమీ కాదు. తెలివైనవాడు చేసే పనే అది. అయితే అందిన కొమ్మలు అయిపోయిన తరువాత నిచ్చెన కావాలి. ప్రపంచంలో పెద్దవి, లోతు తక్కువవి, నేల మీద ఉన్నవి అయిన చమురు క్షేత్రాలలో అధికభాగం ఇరవయ్యో శతాబ్దంలోనే బయటపడ్డాయి. వాటిలో అతి పెద్దదైన సౌదీ అరేబియాలోని ఘవార్ 1948లో బయటపడింది. ఇప్పుడు వెదుకుతున్నవన్నీ నిచ్చెన కావలసిన కొమ్మలే.

ఆ నిచ్చెనను చూడదలచిన తెలుగు విద్యార్థి దూరదేశాలకు పోనక్కరలేదు. కృష్ణా, గోదావరి నదులు సముద్రంలో కలిసే చోట, లక్షల సంవత్సరాలుగా ఆ నదులు మోసుకొచ్చిన ఒండ్రు కింద చమురూ సహజవాయువూ ఉన్నాయి. ఓఎన్‌జీసీ మొదట నేల మీదనే తవ్వింది. కోనసీమ కొబ్బరితోటల మధ్య రిగ్గులు లేచాయి. తాటిపాకలో ఒక చిన్న శుద్ధి కర్మాగారం కూడా ఏర్పడింది. తరువాత అడుగు తీరానికి దగ్గరలోని నిస్సారమైన సముద్రంలో పడింది. 1987లో కనిపెట్టిన రవ్వ క్షేత్రం అక్కడిదే. అక్కడ నీటి లోతు కొన్ని పదుల మీటర్లు మాత్రమే కాబట్టి సముద్రపు అడుగున కాళ్లూనిన వేదికల నుంచి తవ్వవచ్చు. ఆ తరువాత మిగిలింది లోతు సముద్రమే.

కాకినాడ తీరానికి సుమారు 35 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక క్షేత్రం కథ ఇందుకు చక్కని ఉదాహరణ. దాని అధికారిక నామం కేజీ-డీడబ్ల్యూఎన్-98/2. ఆ నోరు తిరగని పేరును పక్కన పెట్టి జరిగిన పనిని చూడాలి. దానిని అభివృద్ధి చేయడానికి ఓఎన్‌జీసీ 2016లో సుమారు 34 వేల కోట్ల రూపాయల ప్రణాళికను ఆమోదించింది. 2020లో చమురు తీయాలని అనుకున్నది. తొలి చమురు వచ్చింది 2024 జనవరి 7న. ఎనిమిదేళ్లు పెట్టుబడి పెట్టి ఎదురుచూడడమంటే, ఆ ఎనిమిదేళ్ల వడ్డీ కూడా తరువాత వచ్చే ప్రతి పీపా మీదా కూర్చుంటుంది.

ఆలస్యానికి అనేక కారణాలుండవచ్చు గాని, పని స్వభావమే సులభమైనది కాదు. అక్కడ నీటి లోతు వందల మీటర్లు. సముద్రం అడుగున ఎండ లేదు, మనిషి దిగి పనిచేయలేడు. బావి నోళ్లను, కవాటాలను, పైపులను యంత్రాల చేతులతోనే అమర్చాలి. పైన వేదిక నిలబెట్టడానికి వీలులేదు కాబట్టి ఒక పెద్ద నౌకనే అక్కడ లంగరు వేసి ఉంచాలి. బావుల నుంచి వచ్చిన ముడిచమురు నుంచి నీటినీ వాయువునూ వేరుచేసి, చమురును తన కడుపులో నిల్వచేసి, మరొక నౌకకు అందించే తేలే కర్మాగారం అది.

వీటికి తోడు అక్కడి చమురుకు మరొక గుణమున్నది. అందులో మైనం పాలు ఎక్కువ. భూగర్భపు వేడిలో ఉన్నంతసేపు అది ద్రవంగానే ఉంటుంది. సముద్రపు అడుగునుండే చల్లని నీటిలో పరచిన పైపులోకి రాగానే, చలికాలంలో సీసాలోని కొబ్బరినూనె లాగా గట్టిపడబోతుంది. పైపులో మైనం పేరుకుంటే ప్రవాహం ఆగిపోతుంది. కిలోమీటర్ల పొడవునా ఒక పైపును మరొక పైపు లోపల అమర్చి, మధ్యలో వేడి బయటికి పోకుండా చేసి ఆ చిక్కును పరిష్కరించారు. చలిలో తిరిగే బిడ్డకు చొక్కా మీద చొక్కా తొడిగినట్లుగా చమురుకు కూడా రెండు పైపుల దుస్తులు కావలసి వచ్చింది. ఇంజనీర్ల నేర్పును మెచ్చుకోవలసిందే. అయితే డ్రేక్ బావికి ఒక ఆవిరి యంత్రమూ కొన్ని ఇనుప గొట్టాలూ సరిపోయాయన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

ఇంత చేసినా భూమి మాట ఇచ్చినట్లు కాదు. అదే సముద్రంలో మరొక సంస్థ 2002లో కనిపెట్టిన పెద్ద వాయు క్షేత్రాల నుంచి 2009లో ఉత్పత్తి మొదలై, మరుసటి సంవత్సరానికే శిఖరానికి చేరింది. తరువాత వేగంగా క్షీణించింది. 2020 ఫిబ్రవరి నాటికి ఆ తొలి బావులు మూతపడ్డాయి. లోతు సముద్రంలో లెక్క తప్పడం బోరు ఎండిపోవడం వంటిదే. తేడా అల్లా సున్నాల సంఖ్యలోనే.

అపాయమూ ఖర్చులో భాగమే. 1995 జనవరిలో కోనసీమలోని పాశర్లపూడి వద్ద ఒక బావి అదుపు తప్పి మంటలు లేచాయి. ఆ మంటలు ఆరడానికి 65 రోజులు పట్టింది. చుట్టుపక్కల పల్లెలవారు ఇళ్లు విడిచిపోయారు. అది నేల మీది బావి. 2010లో అమెరికా దక్షిణ తీరాన మెక్సికో సింధుశాఖలో, దాదాపు 1,500 మీటర్ల నీటి లోతున జరిగిన ప్రమాదంలో 11 మంది మరణించారు. సముద్రంలోకి చిమ్ముతున్న చమురును ఆపడానికి 87 రోజులు పట్టింది. అటువంటి ప్రమాదాల తరువాత కట్టుదిట్టాలు పెరుగుతాయి. కట్టుదిట్టాలకు ధనం కావాలి. అది పెట్టవలసిన ఖర్చే.

కొత్త బావుల మాట అటుంచితే, పాత బావులు కూడా ఏటేటా ఎక్కువ ఖర్చు కోరతాయి. చమురు తోడిన కొద్దీ లోపలి ఒత్తిడి తగ్గుతుంది. అప్పుడు పక్క బావుల గుండా నీటిని లోపలికి పంపి చమురును నెట్టాలి. 1976 నుంచి దేశానికి చమురు ఇస్తున్న ముంబై హై క్షేత్రంలోనూ ఈ పని జరుగుతున్నది. కాలం గడిచేకొద్దీ పైకి వచ్చే దానిలో చమురు పాలు తగ్గి నీటి పాలు పెరుగుతుంది. ఆ నీటిని ఎత్తాలి, వేరుచేయాలి, శుద్ధి చేయాలి. ఇంత చేసినా ఒక క్షేత్రంలోని చమురులో సగటున మూడో వంతే మనిషికి దక్కుతుంది. మిగిలినది రాతి రంధ్రాలను అంటిపెట్టుకొని అక్కడే ఉండిపోతుంది.

కెనడాలోని ఆల్బెర్టాలో చమురు తారులా ఇసుకకు అంటుకొని ఉన్నది. ఒక పీపా కోసం సుమారు రెండు టన్నుల ఇసుకను తవ్వి వేడినీటితో కడగాలి. అమెరికాలో షేల్ అనే గట్టి రాతి పొరలలో చిక్కుకున్న చమురు కోసం బావిని నిలువుగా దింపి, తరువాత అడ్డంగా మళ్లించి, నీటినీ ఇసుకనూ తీవ్రమైన ఒత్తిడితో పంపి రాతిని పగులగొడతారు. అటువంటి బావి దిగుబడి మొదటి సంవత్సరంలోనే సగానికి పైగా పడిపోతుంది. ఉత్పత్తి నిలవాలంటే ఆగకుండా కొత్త బావులు తవ్వుతూనే ఉండాలి.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పుకోవాలి. ఖర్చు ఎప్పుడూ పైకే పోతుందనడం సరికాదు. లోతు ఒకవైపు ఖర్చును పెంచుతుంటే, మనిషి నేర్పు మరొకవైపు దానిని తగ్గిస్తుంటుంది. 2014 తరువాత చమురు ధర కూలిపోయినప్పుడు షేల్ సంస్థలు అంతరించిపోతాయని అనేకులు భావించారు. అవి తక్కువ రోజులలో తవ్వడం నేర్చుకున్నాయి. 2018 నాటికి అమెరికా ప్రపంచంలోకెల్లా అధికంగా చమురు తీసే దేశమైనది. కాబట్టి ఇది రెండు ఎడ్ల పందెం వంటిది. కొంతకాలం నేర్పు ముందుంటుంది, కొంతకాలం లోతు ముందుంటుంది. అయితే నేర్పుకు విశ్రాంతి లేదు. అది ఆగిన రోజున లోతు గెలుస్తుంది.

ధర వేరు, ఖర్చు వేరు అన్న సంగతిని మాత్రం పోచంపల్లివారికి అర్థశాస్త్రజ్ఞులు నేర్పనక్కరలేదు. 2008 జూలైలో పీపా ముడిచమురు ధర 147 డాలర్లకు చేరి, ఆ సంవత్సరం చివరికి 40 డాలర్ల కిందికి దిగింది. 2020 ఏప్రిల్ 20న అమెరికా విపణిలో అది సున్నాను కూడా దాటి కిందికి పోయింది. అంటే పీపా కొనేవానికే ఎదురు డబ్బు ఇవ్వవలసి వచ్చింది. కరోనా వల్ల బండ్లు ఆగిపోయాయి, నిల్వచేయడానికి చోటు లేకపోయింది. సరిగా ఆ నెలలోనే పోచంపల్లి ఇళ్లలో చీరలు గుట్టలుగా మిగిలిపోయాయి. పెళ్లిళ్లు ఆగాయి, దుకాణాలు మూతపడ్డాయి. నేసిన చీరను సగం ధరకు అడిగేవారు కూడా లేరు. అంతమాత్రాన ఆ చీర నేయడం తేలికైపోయిందా? ముడులు అన్నే, రోజులు అన్నే, కళ్ల మంట అంతే. చమురు కూడా అంతే. విపణిలో ధర ఎంత పడినా, సముద్రం అడుగున పైపు పరచడం ఆనాడు ఒక్క అడుగైనా సులభం కాలేదు. ధర చాలాకాలం ఖర్చు కన్న కిందనే ఉంటే ఏమవుతుంది? నేతకారుని కొడుకు మగ్గం దిగి నగరానికి పోతాడు. చమురు సంస్థ కొత్త బావి తవ్వడం మానేస్తుంది. కొన్నేళ్ల తరువాత సరుకు కొరతపడి ధర మళ్లీ లేస్తుంది. 2022లో రష్యా ఉక్రెయిన్ మీద దండెత్తినప్పుడు పీపా 120 డాలర్లు దాటడానికి యుద్ధమే ముఖ్య కారణం. దానికి ముందటి సంవత్సరాలలో పెట్టుబడులు సన్నగిల్లడం కూడా ఆ మంటకు గాలి ఊదింది.

డబ్బు లెక్కను పక్కన పెట్టి మరొక లెక్క కూడా వేయవచ్చు. చమురు తీయడానికి చమురే ఖర్చవుతుంది. రిగ్గు తిరగాలన్నా, నౌక నిలవాలన్నా, నీటిని నెట్టాలన్నా, ఇసుకను వేడినీటితో కడగాలన్నా ఇంధనం కావాలి. పూర్వం నువ్వుల గానుగ తిప్పే ఎద్దుకు గానుగలో మిగిలిన తెలకపిండినే మేతగా వేసేవారు. గింజలు మంచివైతే ఎద్దు కొద్దిగా తిని ఎక్కువ నూనె తీసేది. గింజలు తాలైతే తిప్పవలసిన చుట్లు పెరిగేవి, మేత పెరిగేది, కుండలో పడేది తగ్గేది. ప్రపంచపు చమురు గానుగలో గింజలు మెల్లమెల్లగా తాలు అవుతున్నాయి. ఎద్దు తినేది పెరుగుతున్నది. గాండ్లవాడు ఎంత నేర్పరి అయినా ఈ లెక్కను తప్పించుకోలేడు.

భారతదేశం తనకు కావలసిన ముడిచమురులో 85 శాతానికి పైగా బయటి నుంచే కొంటున్నది. అందుచేత ఎక్కడో ఒక సముద్రంలో పెరిగిన లోతు ఇక్కడ డీజిలు ధరలోను, రంగు పొట్లం ధరలోను కనిపిస్తుంది. నీలిమందు, మంజిష్ఠ, దానిమ్మ బెరడు వంటి సహజ వర్ణాలకు మరలిన నేతకారులు పోచంపల్లిలోను, పుట్టపాకలోను ఉన్నారు. వారి చీరకు తగిన ధర ఇచ్చే కొనుగోలుదారు దొరికినంతవరకు అది మంచి మార్గమే. అందరికీ ఆ కొనుగోలుదారు దొరకడు. సహజవర్ణానికి పట్టే రోజులను రోజు కూలి మీద బ్రతికే ఇల్లు భరించలేదు.

ఆ ఉదయం మనుమడు తాతకు ఇవన్నీ చెప్పలేదు. తనకు తెలిసినంతలో బోరు బావి ఉదాహరణ చెప్పాడు. తాతకు వెంటనే అర్థమైంది. ఆయన తమ్ముడు వరుసగా నాలుగు బోర్లు వేసి, ఉన్న ఎకరం అమ్ముకున్నవాడు.

“అయితే ఆ నూనెకు కూడా అడుగు అడుగుకు రేటు పెరుగుతదన్నమాట” అన్నాడు.

“అంతే తాతా.”

“మరి మన మజూరీ?”

మనుమడు లోపలికి పోయి నోటుపుస్తకం తెచ్చాడు. ఆ ఇంటి ఒప్పందంలో నూలు మాస్టర్ వీవర్ ఇస్తాడు. రంగులు, హైడ్రోస్, కాస్టిక్ సోడా, కట్టెలు నేతకారునివే. అవన్నీ పోగా మిగిలినదే మజూరీ. తాత చెబుతుండగా మనుమడు ఒక్కొక్కటి రాశాడు. మూడేళ్ల క్రిందట ఎంత, ఇప్పుడెంత. రబ్బరు పీలికలు కూడా రాశాడు. అన్నిటి ధరా పెరిగింది. చివరి వరుసలో మజూరీ రాశాడు. అక్కడ రెండు గడులలోను ఒకే అంకె వచ్చింది. ఎన్ని రోజుల పని అన్నది రాయడానికి ఆ పట్టికలో గడి లేదు. మనుమడు పక్కన గీత గీసి ఒక గడి చేర్చాడు. ముడులు వేయడానికి అమ్మమ్మ, అమ్మ కూర్చున్న రాత్రులను కూడా లెక్కించాలా అని అడిగాడు. తాత కొంచెం ఆలోచించి, రాయమన్నాడు.

సోమవారం నూలు తెచ్చుకోవడానికి పోయేటప్పుడు ఆ కాగితం వెంట తీసుకుపోవాలని ఇద్దరూ అనుకున్నారు. అప్పటికి గిన్నెలో నీళ్లు సల సల మరుగుతున్నాయి. తాత రంగు కొలిచి వేశాడు. ఎర్రని నూలు ముంచి తీసిన తరువాత మిగిలిన రంగు నీళ్లను పారబోయనివ్వలేదు. లేత రంగు చిలపలు అందులోనే ముంచవచ్చునని చెప్పి, గిన్నె మీద మూత పెట్టాడు.